ఎవరూ చదవలేని నోటుపుస్తకాలు

మార్చి 8 దగ్గరపడుతోందంటే మన ఆశ్రమ పాఠశాలల్లో వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెడతారు. 'చరిత్రలో మహిళామణులు' అని బోర్డు మీద రాస్తారు. పిల్లలు ఎవరి గురించి రాస్తారో మనకు ముందే తెలుసు. ఝాన్సీ లక్ష్మీబాయి, సావిత్రిబాయి ఫూలే, సరోజినీ నాయుడు, దుర్గాబాయి దేశ్‌ముఖ్, మదర్ థెరిసా. వీళ్లలో ఎవరినీ తక్కువ చేయాలని మా ఉద్దేశం కాదు. సావిత్రిబాయి లాంటివాళ్లు లేకపోతే మన ఆడపిల్లల చేతికి పలక అందడానికి ఇంకెన్నేళ్లు పట్టేదో. కానీ ఒక ఏడాది పోటీ అయిపోయాక ఏడో తరగతి పిల్ల ఒకతె మా దగ్గరికి వచ్చి, "మనోళ్లు ఎవరూ లేరా టీచర్?" అని అడిగింది. మాలో ఒకరు "సమ్మక్క, సారలమ్మ ఉన్నారు కదమ్మా" అన్నారు. "వాళ్లు దేవతలు కదా టీచర్. మనుషుల్లో లేరా?" అంది.

ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. రంప తిరుగుబాటు పాఠం ఎన్నోసార్లు చెప్పాం. గాం గంటం దొర, మల్లు దొర పేర్లు పిల్లలకు నోటికి వచ్చు. ఆ మన్యంలో ఆ రెండేళ్లూ అన్నం వండినవాళ్లు, కబురు మోసినవాళ్లు, పోలీసుల దెబ్బలు తిన్నవాళ్లు ఆడవాళ్లు కూడా. వాళ్లలో ఒక్కరి పేరైనా చెప్పమంటే మేమే తడుముకున్నాం. అప్పటినుంచి వెతకడం మొదలుపెట్టాం. వెతికితే దొరికినవాళ్లలో ముందుగా చెప్పాల్సింది గైడిన్లియు గురించి.

మణిపూర్‌లో తమెంగ్‌లాంగ్ కొండల్లో లువాంగ్‌కావో అనే ఊరు. 1915 జనవరి 26న ఆమె అక్కడ పుట్టింది. రోంగ్‌మెయి నాగా తెగ. ఊళ్లో బడి లేదు కాబట్టి ఆమెకు చదువు లేదు. రోంగ్‌మెయి, జెమె, లియాంగ్‌మెయి అనే మూడు తెగలవాళ్లు ఒక్క మూలం నుంచి వచ్చామని చెప్పుకుంటారు. అయితే బ్రిటిష్ పాలనలో వాళ్ల నేల మూడు ముక్కలైంది. కొంత మణిపూర్ సంస్థానంలో, కొంత నాగా హిల్స్ జిల్లాలో, కొంత ఉత్తర కచార్ కొండల్లో ఉండిపోయింది. గోండులు ఆదిలాబాద్‌లోనూ చంద్రపూర్‌లోనూ, కోయలు గోదావరికి ఈ పక్కా ఆ పక్కా వేర్వేరు కలెక్టర్ల కింద ఎలా బతుకుతున్నారో తెలిసిన మనకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

అక్కడి కష్టాలూ మనకు కొత్తవి కావు. గుడిసెకింత అని ఇంటిపన్ను డబ్బు రూపంలో కట్టాలి. కొండ మీద పోడు కొట్టుకుని బతికేవాడికి డబ్బు ఎక్కడిది? దొరలు క్యాంపుకు వస్తే వాళ్ల సామాన్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోయాలి. దారులు వేయాలి. మన మన్యంలో గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ దారి పనుల్లో జనాన్ని ఎలా పీల్చాడో, ఆ కోపం 1922లో చింతపల్లి పోలీస్ స్టేషన్ దాకా ఎలా వెళ్లిందో గుర్తు చేసుకుంటే చాలు.

గైడిన్లియుకు వరసకు అన్న అయ్యే హైపౌ జాదోనాంగ్ ఈ కష్టాల మీద జనాన్ని కూడగట్టాడు. పన్ను కట్టొద్దన్నాడు. దాంతోపాటు తెగ ఆచారాలను కూడా సంస్కరించాడు. ప్రతి జబ్బుకూ ప్రతి శకునానికీ జంతువును బలివ్వాల్సిన పని లేదని, ఒక్క పరమదైవాన్ని కొలిస్తే చాలని చెప్పాడు. కొందరు దీన్ని వట్టి మతం వ్యవహారంగా రాస్తారు. పేదింట్లో ఒక పంది, ఒక కోడి మిగలడమంటే ఏమిటో తెలిసినవాళ్లకు అది ఇంటి లెక్క కూడా అని అర్థమవుతుంది. తర్వాతి రోజుల్లో ఈ మార్గానికి హెరాకా అనే పేరు స్థిరపడింది. పదమూడేళ్ల వయసులో గైడిన్లియు అందులో చేరింది.

1931లో జాదోనాంగ్‌ను పట్టుకున్నారు. నలుగురు మణిపురీ వ్యాపారుల హత్య కేసు మోపి, ఆగస్టు 29న ఇంఫాల్‌లో ఉరి తీశారు. అది అబద్ధపు కేసు అని ఆయన జనం ఇప్పటికీ అంటారు. పాలకులు అంతటితో అంతా చల్లబడుతుందనుకున్నారు. పదహారేళ్ల పిల్ల ముందుకొస్తుందని వాళ్లు అనుకోలేదు.

ఆమె చేసిన పనిని వరసగా చూస్తే అందులో మాయా మంత్రం కనపడవు. ఊరూరూ తిరిగింది. పన్ను ఆపించింది. సామాన్లు మోయొద్దంది. మూడు ముక్కలుగా ఉన్న తెగలను ఒక్క మాట మీదికి తెచ్చింది. అధికారులు ఊళ్ల నుంచి తుపాకులు లాక్కున్నారు, జరిమానాలు వేశారు. ఆమె జాడ చెప్పిన ఊరికి పదేళ్లు పన్ను మాఫీ అని చాటించారు. పన్ను కట్టలేకే తిరగబడ్డ జనానికి పన్నునే ఎర వేశారన్నమాట. అయినా నెలల తరబడి ఆమె దొరకలేదు.

ఆమెను వెతకడానికి పంపిన బలగం అస్సాం రైఫిల్స్. ఈ పేరు మన్యం చరిత్ర చదివినవాళ్లకు తెలిసిందే. 1924లో అల్లూరి దళాన్ని అణచడానికి మన కొండల్లోకి దింపింది ఈ అస్సాం రైఫిల్స్‌నే. ఎనిమిదేళ్ల తేడాతో అదే బలగం మన మన్యంలోనూ నాగా కొండల్లోనూ ఒకే పని చేసింది. మరి మన పిల్లలకు ఈ రెండు కథలూ ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఎందుకు చెబుతున్నాం? నిజానికి రెండోది అసలు చెప్పడమే లేదు.

1932 మార్చి 18న హాంగ్రుమ్ అనే ఊళ్లో అస్సాం రైఫిల్స్ శిబిరం మీద ఆమె అనుచరులు యాభై అరవై మంది దాడి చేశారు. తుపాకుల ముందు ఈటెలు నిలవలేదు. ఆ తర్వాత ఆమె పులోమి అనే ఊళ్లో కట్టెలతో కోట కట్టించడం మొదలుపెట్టింది. అది పూర్తికాకముందే, అక్టోబర్ 17న, కెప్టెన్ మెక్‌డొనాల్డ్ సైనికులు ఊరిని చుట్టుముట్టి ఆమెను పట్టుకున్నారు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండలేదు. ఇంఫాల్‌లో పది నెలలు విచారణ జరిపి, హత్య, హత్యకు ప్రోత్సాహం నేరాల కింద యావజ్జీవ శిక్ష వేశారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమె పట్టుబడిన తర్వాత, జాడ చెప్పాడన్న అనుమానంతో ఆమె అనుచరులు లకేమా బంగళా కావలివాడిని చంపారు. అతను కుకీ తెగవాడు. అక్కడ నాగాలకూ కుకీలకూ మధ్య నలిగిన నెత్తురు ఇప్పటికీ ఆరలేదు. మన వీరుల చరిత్ర రాసేటప్పుడు ఇలాంటి పేజీలు చించేస్తే, రేపు మనల్ని ఎవరూ నమ్మరు.

గైడిన్లియు కోసం జరిగిన ఆ గాలింపును నడిపించిన నాగా హిల్స్ డిప్యూటీ కమిషనర్ పేరు జె.పి. మిల్స్. ఆయన అధికారి మాత్రమే కాదు, నాగా తెగల మీద పుస్తకాలు రాసిన పరిశోధకుడు కూడా. 1936లో ఒక యువ ఆస్ట్రియా పరిశోధకుడు నాగా కొండలకు వస్తే, మిల్స్ ఆయన్ను వెంట తిప్పి సాయం చేశాడు. ఆ యువకుడు ఎవరో కాదు, తర్వాత నిజాం రాజ్యానికి వచ్చి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్న హైమన్‌డార్ఫ్. కొమురం భీం చనిపోయాక గోండుల గోడు రాసి సర్కారుకు చెప్పింది ఆయనే. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది ఆయన చొరవతోనే. ఆయన భార్య ఎలిజబెత్ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. ఆయన మేలు మరిచిపోలేం. అయినా ఈ లంకె తెలిశాక మాకు ఒక సంగతి తోచింది. మన గురించి మొదట రాసినవాళ్లలో ప్రేమతో వచ్చినవాళ్లు ఉన్నారు, పట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. ఒక్కోసారి ఇద్దరూ ఒకే గుడారంలో కూర్చుని రాసుకున్నారు.

జైలు నుంచి జైలుకు మార్చారు ఆమెను. గువాహటి, షిల్లాంగ్, ఐజాల్, తురా. 1937లో అస్సాం పర్యటనకు వెళ్లిన నెహ్రూ ఆమె సంగతి తెలుసుకుని పత్రికలో రాశారు. 'రాణి' అన్నారు. ఇంగ్లండ్ పార్లమెంటులో ఉన్న లేడీ ఆస్టర్ చేత విడుదలకు ప్రయత్నం చేయించారు. వదిలితే మళ్లీ అల్లర్లు జరుగుతాయని అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఈలోగా కొండల్లో జనం ఆమె తిరిగొస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నారు. ఎంతగా అంటే, ఉర్సులా గ్రాహమ్ బోవర్ అనే ఇంగ్లీషు అమ్మాయి జెమె ఊళ్లకు వస్తే, గైడిన్లియే ఈ రూపంలో వచ్చిందని కొందరు ఆమె వెంటపడ్డారు.

పదిహేడేళ్లప్పుడు లోపలికి వెళ్లిన మనిషి 1947లో బయటికి వచ్చేసరికి ముప్పై రెండేళ్లు. వయసంతా గోడల మధ్యే గడిచిపోయింది.

పుస్తకాల్లో ఆమె కథ సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. 'స్వాతంత్ర్యం వచ్చింది, రాణి విడుదలైంది.' ఆ తర్వాతి సంగతే మన యువత చదవాల్సింది. విడుదలయ్యాక కూడా ఆమెను సొంత ఊరికి వెళ్లనివ్వలేదు. 1952 దాకా ట్వెన్‌సాంగ్ వైపు విమ్‌రాప్ అనే ఊళ్లో తమ్ముడి దగ్గర ఉండాల్సి వచ్చింది. నాగా స్వాతంత్ర్యం కోరిన నాయకులతో ఆమెకు పడలేదు. తన మూడు తెగలకు భారతదేశంలోనే ఒక్క పాలనా ప్రాంతం కావాలని ఆమె అడిగింది. పాత దైవాన్ని నిలబెట్టాలనడం క్రైస్తవులైన చాలామంది నాగాలకు నచ్చలేదు. 1960లో ఆమె మళ్లీ అజ్ఞాతంలోకి వెళ్లింది. ఈసారి తుపాకులు ఎక్కుపెట్టింది తోటి నాగాల మీద. 1966లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని బయటికి వచ్చింది. 1972లో తామ్రపత్రం ఇచ్చారు, 1982లో పద్మభూషణ్ ఇచ్చారు. అడిగిన ఒక్క ప్రాంతం మాత్రం ఇవ్వలేదు. ఆ తెగలు ఇవాళ్టికీ మణిపూర్, నాగాలాండ్, అస్సాం మధ్య మూడు ముక్కలే. 1993 ఫిబ్రవరి 17న ఆమె పుట్టిన ఊళ్లోనే కన్నుమూసింది. తర్వాత తపాలా బిళ్ల వచ్చింది, నాణెం వచ్చింది, తీర రక్షక దళం ఓడకు ఆమె పేరు పెట్టారు. కొండ మీద పుట్టిన మనిషి పేరు సముద్రం మీద తిరుగుతోంది.

'రాణి' అన్న మాట గురించి మాలో మాకే వాదన జరిగింది. గౌరవంగా పెట్టిన పేరే, కాదనలేం. కానీ ఆమె జనంలో రాణులూ కిరీటాలూ లేవు. ఆమె తిరుగుబాటే ఇంటిపన్ను మీద, మోతబరువు మీద. రాణి అనగానే పిల్లల బుర్రలో గుర్రం, కత్తి, అంతఃపురం మెదులుతాయి. పన్ను రశీదు మెదలదు. బయటి చరిత్రకు ఆడమనిషిని పెద్ద చేయాలంటే రాణినో దేవతనో చేయడం అలవాటు. మా ఏడో తరగతి పిల్ల అడిగింది అదే కదా!

ఇక ఈ వ్యాసానికి పేరిచ్చిన సంగతి. గైడిన్లియు దగ్గర కొన్ని నోటుపుస్తకాలు ఉండేవి. అధికారుల చేతికి చిక్కిన అలాంటివి ఇప్పుడు ఇంగ్లండ్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. బడి మొహం చూడని ఆ పిల్ల వాటిలో పేజీల కొద్దీ రాసింది. వరసలు వరసలుగా, అచ్చం చేతిరాతలాగే ఉంటుంది. అది ఇంగ్లీషు కాదు, బెంగాలీ కాదు, మెయితెయి కాదు. ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు. హెరాకా వాళ్లు అది దైవం రాయించిన రాత అని, సమయం వచ్చినప్పుడు దాని అర్థం తెలుస్తుందని నమ్ముతారు. రాసేవాళ్లను చూసి గీసిన గీతలు అనేవాళ్లూ ఉండొచ్చు.

మాకు మాత్రం ఆ కాలం గుర్తొస్తుంది. సంతాలుల కోసం రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపిని తయారుచేశాడు. సవరల కోసం మంగెయి గొమాంగో 1936లో సొరా సొంపెంగ్ లిపిని తెచ్చాడు. అదే ఏళ్లలో, వీళ్లెవరినీ ఎరగని కొండ మీద ఒక పిల్ల కాగితం మీద తన రాత తను పెట్టుకుంటోంది. పన్ను పద్దు, సమను, శిక్ష అన్నీ కాగితం మీదే వస్తున్న రోజులవి. కాగితానికి ఉన్న బలం ఏమిటో అడవిలో అందరికన్నా ముందు తెలిసేది దానివల్ల దెబ్బ తిన్నవాళ్లకే. ఆదిలాబాద్ గుంజాలలో గోండి రాతప్రతులు బయటపడ్డప్పుడు వాటిని చదవగల పెద్దలు ఆ ఊళ్లో ఇంకా బతికే ఉన్నారు కాబట్టి ఆ లిపి ఇవాళ పిల్లల వాచకాల్లోకి వచ్చింది. గైడిన్లియు రాతకు ఆ అదృష్టం పట్టలేదు. ఆమె మీద మిల్స్ కచేరీలో రాసిన కాగితాలను మాత్రం పరిశోధకులు ఇవాళ్టికీ చదువుకోగలరు.

అందరూ చదవగల భాషలో రాసిన మనవాళ్ల సంగతి ఏమైంది? దీన్ని రెండు మాటల్లో చెప్పేస్తాం, ఎందుకంటే దొరికిందే కొంచెం. చక్రధర్‌పూర్ ప్రాంతపు ముండా బిడ్డ సుశీలా సామద్ హిందీలో కవిత్వం రాసింది, పత్రిక నడిపింది. ఆమె పుస్తకం 'ప్రలాప్' 1935 నాటిది. రాంచీలో ఆలిస్ ఎక్కా 'ఆదివాసీ' పత్రికలో కథలు రాసింది. ఇద్దరినీ హిందీ సాహిత్య చరిత్రలు పట్టించుకోలేదు. ఆలిస్ కథలు పుస్తకంగా రావడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. దుమ్ముపట్టిన పాత సంచికలు తిరగేసి వాటిని ఏరి తెచ్చింది కూడా ఒక ఆదివాసీ రచయిత్రే, వందనా టేటే. మన తెలుగు పత్రికల పాత కట్టల్లో ఎవరున్నారో అలా కూర్చుని వెతికినవాళ్లు తక్కువ.

మూడో దారి ఇంకొకటి ఉంది. తను రాయకుండా, చెప్పి రాయించడం. కేరళ వయనాడ్‌కు చెందిన సి.కె. జాను కథ అలా వచ్చింది. ఆమె అడియా తెగ మనిషి. ఆ పేరులోనే దాస్యం ఉంది. వళ్లియూర్‌కావు జాతరలో భూస్వాములు కూలీలను ఏడాదికింత అని మాట్లాడుకుని కొనుక్కుపోయేవాళ్లు. జాను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడే ఒక టీచరమ్మ ఇంట్లో పనికి కుదిరింది. అక్షరాస్యత ఉద్యమంలో చదవడం నేర్చుకుంది. వ్యవసాయ కూలీల సంఘంలో పనిచేసి, భూమి మాట వచ్చేసరికి అక్కడ ఆదివాసీ గొంతు వినపడడం లేదని బయటికి వచ్చేసింది.

మనకు 1/70 చట్టం ఎలాగో, కేరళలో ఆదివాసుల భూములు తిరిగి ఇప్పించడానికి 1975 చట్టం అలా వచ్చింది. కాగితం మీదే ఉండిపోయింది. 2001లో అక్కడి ఆదివాసీ ఊళ్లలో ఆకలిచావులు జరిగాయి. ఆ ఆగస్టు 30న జాను నాయకత్వంలో జనం తిరువనంతపురం వెళ్లి సచివాలయం ముందు గుడిసెలు వేశారు. 48 రోజులు అక్కడే వండుకుని, అక్కడే పడుకున్నారు. చివరికి ముఖ్యమంత్రి ఎ.కె. ఆంటోనీ, భూమిలేని కుటుంబాలకు ఒకటి నుంచి అయిదెకరాల దాకా ఇస్తామని ఒప్పందం రాసిచ్చారు. ఏడాది దాటినా అది నడవకపోతే, 2003 జనవరిలో ముత్తంగ అడవిలోకి వెళ్లి మళ్లీ గుడిసెలు వేశారు. ఫిబ్రవరి 19న పోలీసులు కాల్పులు జరిపారు. జోగి అనే ఆదివాసీ చనిపోయాడు, ఒక పోలీసు చనిపోయాడు. జానును పట్టుకుని కొట్టారు. వాచిపోయిన ఆమె మొహం ఫోటో పత్రికల్లో వచ్చింది. తర్వాత ఆమె ఎన్నికల పొత్తులు మాలో చాలామందికి నచ్చలేదు. ఆ 48 రోజులను మాత్రం ఎవరూ కొట్టేయలేరు.

ఆమె చెబుతుంటే భాస్కరన్ అనే ఆయన మలయాళంలో రాసిన జీవితకథ 2004లో ఇంగ్లీషులోకి 'మదర్ ఫారెస్ట్' పేరుతో వచ్చింది. చిన్న పుస్తకం. డిగ్రీ చదివే మన పిల్లలు ఒక రోజులో చదివేయొచ్చు.

మాట చెప్పి రాయించడానికి చట్టంలోనే చోటుందని మన యువతలో చాలామందికి తెలియదు. అటవీ హక్కుల చట్టం 2006 కింద క్లెయిమ్ పెట్టాలంటే జరిమానా రశీదో, శాటిలైట్ మ్యాపో ఉండి తీరాలని కొందరు అధికారులు అంటారు. నియమాల్లో 13వ నియమం చూడండి. క్లెయిమ్ పెట్టినవాళ్లు కాకుండా ఊళ్లోని మిగతా పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే. పెద్దలంటే మగవాళ్లే అని ఎక్కడా లేదు. పట్టా కూడా భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని చట్టంలో 4వ సెక్షన్ చెబుతోంది.

మరుసటి ఏడాది మార్చి 8కి మేము ఉపన్యాసాల పోటీ పెట్టలేదు. హోలీకి ఇంటికి వెళ్లినప్పుడు మీ అవ్వ దగ్గర కూర్చుని, ఆమె ఏం చెబితే అది, ఆమె మాటలోనే రాసుకురండని పిల్లలకు చెప్పాం. కోయ మాటలు తెలుగు అక్షరాల్లోనే రాశారు. చాలామంది అరపేజీకి మించి తేలేదు. ఇద్దరు ముగ్గురు సినిమా కథలు తెచ్చారు. ప్రశ్న అడిగిన ఆ పిల్ల మాత్రం నాలుగు పేజీలు తెచ్చింది. ఊరవతల చెలక ఎవరు ముందు కొట్టారో, ఇప్పచెట్టు ఏ గట్టు మీద ఉండేదో, ఫారెస్టువాళ్లు ఏ ఏడు గొడ్డళ్లు లాక్కుపోయారో, గొడ్డలి ఇవ్వనని ఏ ఆడమనిషి దాని మీద కూర్చుందో అందులో ఉంది. ఆ చెలక అవ్వది కాదు, పక్కింటివాళ్లది. ఆ ఎండాకాలం గ్రామసభలో ఆ పేజీలను చదివారు. అవ్వ వేలిముద్ర వేసింది. కింద 'రాసినవారు' అన్నచోట మనవరాలు సంతకం పెట్టింది. పక్కింటివాళ్ల క్లెయిమ్ ఫైలులో ఆ నాలుగు పేజీలు ఇప్పటికీ ఉన్నాయి.